ఇంట్లో లేని ఇరవై రెండో మూర

"సంతకానికి పెన్ను కూడా వాళ్ళే తెస్తారంట. అంత మర్యాద!" అంది సుధాలక్ష్మి, పాకంలో తెడ్డు తిప్పుతూనే.

ఉదయం తొమ్మిది నలభై. తమిళనాడులోని కోవిల్‌పట్టిలో ఆ పాత ఇంటి వసారాలో బెల్లం పాకం ముదురుతోంది. ఆరుగురు ఆడవాళ్ళు వేరుశనగ పొట్టు చెరుగుతున్నారు. కడలైమిట్టాయి, అంటే వేరుశనగ చిక్కీ, పాకం ఎవరి కష్టం కోసమూ ఆగదు, అందుకే సుధాలక్ష్మి చెయ్యి కూడా ఆగడం లేదు. సాయంత్రం నాలుగింటికి విరుదునగర్‌లో వకీలు దామోదరసామి ఆఫీసులో ఆమె ఒక కాగితం మీద సంతకం పెట్టాలి, నెల రోజుల్లో ఇల్లు ఖాళీ చేస్తానని. పెట్టకపోతే కేసు వేసి ఈ పొయ్యికి సీలు వేయిస్తామని కబురు.

శివరంజని నవ్వలేదు. పాత ఇళ్ళు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చాయో తవ్వి తీయడం ఆమె వృత్తి. బ్యాంకులు పిలుస్తాయి, వకీళ్ళు పిలుస్తారు, రిజిస్ట్రారు ఆఫీసు గుమస్తాలు చాటుగా 'పత్రాల పోలీసు' అంటారు. ఆ పేరు ఆమెకు ఇష్టమే. తండ్రి వడ్రంగి. ఆయన పోతూ మిగిల్చిన ఆస్తి ఒక్క టేకు కర్ర, ముప్పై మూడు అంగుళాల తచ్చుకోల. ఈ వైపు పాత ఇళ్ళన్నీ ఆ కోల లెక్కతోనే లేచాయి. ఒక కోల పొడవు ఒక తచ్చుమూర. సంచిలో టేపు ఉన్నా ఆమె చేతిలో మాత్రం ఎప్పుడూ ఆ కర్రే ఉంటుంది.

"ఇంకోతూరి చెప్తా, విను అక్కా," అంది. "యాబై ఏండ్ల ఇంటిపన్ను రసీదులు మీ మామ వైపే ఉండాయి. కాలం చేసిన మీ ఆయన పేర్న పట్టా ఉండాది. ఇంటి మీద పదకొండేండ్ల కిందటి బ్యాంకు అప్పు ఒకటి, అదీ తీరిపోయినాది."

"ఈ పొయ్యి కోసరం మా ఆయన తీసిన అప్పు అది. అప్పుడే కదా నువ్వు మొదటితూరి ఈ ఇంటికి వచ్చినావు, ఇల్లు కొలిచేదానికి?"

"అవును. అప్పుడు వసంతకుమార్ సార్ కాడ పనిలో ఉంటిని."

ఆ పేరు వినగానే సుధాలక్ష్మి తెడ్డును పాకంలో గట్టిగా ఒక తిప్పు తిప్పింది. ఇవాళ అవతలి పక్షానికి పత్రాలు వెతికి పెట్టినవాడు ఆ వసంతకుమారే.

అవతలి పక్షం రమేష్‌బాబు. విరుదునగర్‌లో పప్పుల వ్యాపారి, వరసకు సుధాలక్ష్మికి మరిది. ఈ ఇల్లు కట్టించిన పెరుమాళ్సామి నాయుడికి ఇద్దరు కొడుకులు. పెద్దవాడు చౌడయ్య, రమేష్‌బాబుకు తాత. చిన్నవాడు సుధాలక్ష్మి భర్తకు తాత. పొలాలు తీసుకుని పెద్దవాడు విరుదునగర్ పోయాడని, ఇల్లు చిన్నవాడిదని ఊరంతా ఎరిగిన మాట. ఇప్పుడు రమేష్‌బాబు చేతిలో 1968 నాటి కూరుచీటీ ఒకటి ఉంది. అన్నదమ్ములు పెద్దల ముందు రాసుకుని, రిజిస్ట్రారు గడప తొక్కించకుండా పెట్టెలో దాచుకునే పంపకాల కాగితాన్ని ఇక్కడ అలా అంటారు. ఇల్లు చౌడయ్యదని ఆ చీటీ చెబుతోంది. సాక్షులు ముగ్గురు, ముగ్గురూ పోయారు. కాగితం పాతదే. పాత లెక్కల పుస్తకంలో రాయకుండా మిగిలిన పుట ఏ అటక మీదైనా దొరుకుతుంది. సిరా వయసు తేల్చడానికి నెలలు పడుతుంది. శివరంజని చేతిలో ఉన్నది ఆరు గంటలు.

ఆమె ఆ చీటీ జిరాక్సు కాపీ విప్పి మళ్ళీ చదివింది. 'ఉత్తర దక్షిణాలుగా ఇరవై రెండు తచ్చుమూరల నిడివి గల ఇల్లు.' ఇప్పటిదాకా సంతకాలనే చూస్తూ వచ్చింది. సంతకాన్ని చెయ్యి తిరిగిన వాడు ఎవడైనా దించగలడు. ఇంటి పొడవును దించాలంటే ఇంటికి రావాలి.

"సందులోకి పోయే తలుపు తీసి ఉండాదా అక్కా?"

తీసే ఉంది. పదకొండేళ్ళ కిందట ఆ సందుకు పక్కింటివాళ్ళు తాళం వేసి ఉండేవారు, లోపల ముళ్ళకంప ఎదిగి ఉండేది. ఇప్పుడు మనిషే కాదు, చిన్న బండి కూడా పోయేంత శుభ్రంగా ఉంది. శివరంజని ముందు గోడ మూల నుంచి కోల వేస్తూ, ఒక్కో మూరకూ సుద్దముక్కతో గీత గీస్తూ వెనక గోడ దాకా పోయింది. ఇరవై నాలుగు. తిరిగి వచ్చి మళ్ళీ వేసింది. ఇరవై నాలుగే. చివరి గీత పక్కన అంకె పెద్దదిగా రాసింది.

చెరగడం ఆపి వెనకే వచ్చింది పేచ్చియమ్మాళ్. డెబ్బై దాటిన మనిషి, పుట్టుక తమిళమైనా ఈ ఇంట్లో పనిచేసి చేసి ఈ ఇంటి తెలుగే నోట నాటుకుపోయింది.

"అవ్వా, వంటింటి వెనక గోడకీ ఈ గోడకీ నడుమ ఏముండాది?"

"ఏముండాది, చీకటి ఉండాది. జొన్నల కొట్టు అది. నేను పదైదేండ్ల పిల్లప్పుడు ఈ ఇంటికి వస్తిని. పైన కంత ఉండె, తట్టలతో ఎత్తి పోస్తాంటిమి."

"మూసింది ఎప్పుడు?"

"మా చిన్నోడు పుట్టిన ఏడు. వానికి ఇప్పుడు నలబై రెండు."

"గట్టిగా చెప్తావా?"

"బిడ్డ పుట్టిన ఏడు మరిచేదుంటే నేనేమి తల్లిని తాయీ?"

అంటే 1968లో కొట్టు తెరిచే ఉంది. ఇంటి పొడవులో అదీ భాగమే. ఇంట్లో పుట్టిపెరిగిన అన్నదమ్ములిద్దరు కూర్చుని రాయిస్తే ఇరవై నాలుగు రాయించాలి కానీ ఇరవై రెండు ఎందుకు రాయిస్తారు?

"రంజనీ! ఇంకా ఆ కట్టె మోస్తానే ఉండావా?"

సందు మొగలో వసంతకుమార్. ఇస్త్రీ చొక్కా, జేబులో ఆకుపచ్చ పెన్ను. టైము పది ఇరవై అయిదు. విరుదునగర్‌లో ఉండవలసిన మనిషి ఇక్కడ ఎందుకున్నాడో ఆమె అడగలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకం కాదు ఆయన. ఆ విద్యలన్నీ ఆమెకు నేర్పినవాడే ఆయన.

"పన్ను కట్టినోడు సొంతదారు కాడని నీకు నేర్పింది నేనే కదమ్మా. రసీదుల కట్ట పట్టుకోని ఆ ఆడమనిషికి ఏంటికి ఆశ పెడతావు? సాయంత్రం సంతకం అయిపోతే అందరికీ మర్యాద."

"మర్యాద ఎవరికి సార్? పాకం కాచేదానికా, కాచిన పాకం మింగేవాళ్ళకా?"

"నోరు పెరిగినాది."

"కోల మాత్రం పెరగలేదు," అని ఆమె గోడను చూపించింది. "మీ చీటీలో ఇరవై రెండు. గోడ ఇరవై నాలుగు."

అన్న మరుక్షణమే నాలుక కరుచుకుంది. ముందు తిక్క, తర్వాత తెలివి, ఇదే ఆమె జబ్బు. నాలుగింటిదాకా దాచుకోవలసిన మాటను పది ముప్పైకే శత్రువు చేతిలో పెట్టింది. వసంతకుమార్ గోడను పైనుంచి కిందికి చూశాడు. ఫోను తీసి సుద్దగీతలను ఫోటో పట్టుకున్నాడు. నవ్వి వెళ్ళిపోయాడు.

నాలుగింటికి ఆయన ఏమంటాడో ఆమెకు ముందే వినిపించింది. 'లోపల కొలిచినారు, కొట్టును లెక్కలోకి తీసుకోలేదు.' అయితే లోపలా కొలవాల్సిందే. ముందు గది, నడవ, వంటిల్లు. సుధాలక్ష్మి పొయ్యి దించి, తానూ పక్కన నిలబడి గట్టిగా లెక్కపెట్టింది.

ఇరవై ఒకటి.

మూడుసార్లు వేశారు. మూడుసార్లూ ఇరవై ఒకటే. బయట ఇరవై నాలుగు, లోపల ఇరవై ఒకటి. చీటీలో ఉన్న ఇరవై రెండు ఈ ఇంట్లో ఏ వైపు నుంచి కొలిచినా రాదు.

"ఇంట్లో లేని మూర కాగితంలోకి ఎట్లా పోయె?" అంది సుధాలక్ష్మి.

శివరంజని కోల చంకన పెట్టుకుని విరుదునగర్‌కు పదకొండున్నర బస్సు ఎక్కింది.

సాత్తూరు దాటుతుండగా ఆమె లెక్క మళ్ళీ మొదటి నుంచి వేసుకుంది. ఇల్లు తప్పు చెప్పదు. కోల తప్పు చెప్పదు. నాన్న పాఠం ఒక్కటే ఉండేది, కోల అబద్ధం చెప్పదు, చెయ్యి చెబుతుంది అని. అయితే ఆ చెయ్యి ఎవరిది?

విరుదునగర్‌లో తన ఇల్లు చేరేసరికి పన్నెండూ యాభై. అన్నం ముట్టకుండా అటక మీది రేకుపెట్టె దించింది. 2014 నోటుపుస్తకం అడుగున ఉంది. మార్చి నెల, కోవిల్‌పట్టి, సుధాలక్ష్మి భర్త పేరు. ఆ రోజు సందుకు తాళం, బ్యాంకు మేనేజరు మధ్యాహ్నానికే రిపోర్టు కావాలన్న తొందర. అందుకే లోపలే కొలిచింది. పేజీలో తన చేతిరాత: ముందు గది ఎనిమిది, నడవ ఏడున్నర, వంటిల్లు ఆరున్నర. మొత్తం ఇరవై రెండు.

ఇవాళ వంటిల్లు అయిదున్నరే. నడవకూ వంటింటికీ నడుమ ఉన్న మట్టిగోడ మందం సరిగ్గా ఒక మూర. ఆ గడపను నడవలో ఒకసారి లెక్కపెట్టింది. వంటింటి కొలత మళ్ళీ గడప ఇవతలి అంచు నుంచే మొదలుపెట్టింది. ఒకే గడపను రెండుసార్లు దాటింది. వడ్రంగి కూతురు చేయకూడని తప్పు.

లేని ఆ మూరను పుట్టించింది తనే. కింద ఆకుపచ్చ సిరాతో 'సరి' అని, పొట్టి సంతకం. రోజూ సాయంత్రం పిల్లల కాపీపుస్తకం దిద్దినట్టు వసంతకుమార్ దిద్దేవాడు.

సిగ్గుతో ఆమె ముఖం మండింది. తర్వాత కోపం వచ్చింది, ఆ వెనక భయం. బ్యాంకుకు పోయిన రిపోర్టులో అడుగులే ఉన్నాయి. మూరల పేజీని 'ఈ కాలంలో ఎవరికి కావాల' అంటూ వసంతకుమారే తీసి తన ఫైలులో పెట్టుకున్నాడు. అంటే ఈ ఇరవై రెండు అనే అంకె లోకంలో రెండే చోట్ల ఉంది, ఆయన ఫైలులో, ఈ పుస్తకంలో. పాత చీటీ పుట్టించేటప్పుడు పాత కొలత కావలసి వచ్చింది. ఇంటికి వచ్చి కొలిస్తే నలుగురు చూస్తారు. ఫైలు తీస్తే ఎవరు చూస్తారు?

ఈ పేజీ బయటపెడితే సుధాలక్ష్మి ఇల్లు నిలుస్తుంది. పెడితే శివరంజని తప్పు కొలత రాసిందన్నదీ నిలుస్తుంది. బ్యాంకు జాబితాలోంచి పేరు పోతుంది, దానితో తిండీ పోతుంది. అగ్గిపెట్టె వంటింట్లో చేతికందే దూరంలోనే ఉంది. ఆమె దానివైపు చూసింది కూడా. చూసినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

మూడింటికి బ్యాంకుకు మెయిల్ పంపించి, కాపీ ప్రింటు తీసుకుని, నోటుపుస్తకం సంచిలో వేసుకుని బయటపడింది.

నాలుగింటికి దామోదరసామి ఆఫీసులో అందరూ ఉన్నారు. ఆయన వయసు మళ్ళిన వకీలు, కులంలో నలుగురు మాట వినే పెద్దమనిషి. బల్లకు అటు రమేష్‌బాబు, వసంతకుమార్. ఇటు రెండింటి బస్సుకు వచ్చిన సుధాలక్ష్మి. నడుమ ప్లాస్టిక్ కవరులో అసలు చీటీ, దాని పక్కనే కొత్త పెన్ను.

"అయ్యా, సంతకం ముందర రెండు మాటలు అడగొచ్చా?" అంది శివరంజని.

"అడుగమ్మా. బిరీన ముగించు."

ఆమె రమేష్‌బాబు వైపు తిరిగింది. "ఈ చీటీ ఎప్పుడు దొరికె?"

"ఆడి నెలలో. తాత ట్రంకుపెట్టెలో."

"మొదట చదివింది?"

"వసంతకుమార్ అన్న. నాకు ఆ పాత రాత చదవను రాదు."

"ఆ ఇంటిని మీరు ఎప్పుడన్నా కొలిచినారా?"

"గడపే తొక్కలేదు. మా నాయన కాలం నుంచి రాకపోకలు లేవు కదా." ఆ మాట అంటూ వదిన ముఖం చూడలేక తలుపు వైపు చూశాడు.

"వసంతకుమార్ సార్, మీరు?"

వసంతకుమార్ కుర్చీలో వెనక్కి వాలాడు. ఈ ప్రశ్న కోసమే కాచుకున్నట్టున్నాడు. "నేను కొలిచినాను. నువ్వు పొద్దున బయట గోడకి గీతలు గీసి ఇరవై నాలుగు అని సంబరపడితివి. అయ్యా, ఆ కాలంలో మనుషులు మసిలే చోటే కొలుస్తారు, జొన్నల కొట్టును కాదు. లోపల ఇరవై రెండు మూరలు. నా చేతితో కొలిచి సరిచూసినాను."

"మీ చేతితో?"

"నా చేతితో."

"రాసుకోండి అయ్యా," అంది శివరంజని. దామోదరసామి కనుబొమలు ఎగరేసి, రాసుకున్నాడు.

ఆమె కోలను బల్ల మీద పెట్టింది. "లోపల ఇరవై ఒకటి. మూడుతూర్లు వేసినాము. గంటలో కోవిల్‌పట్టి పోయి అయ్యగారే వేసి చూడొచ్చు. బయట ఇరవై నాలుగు, లోపల ఇరవై ఒకటి. ఇరవై రెండు ఆ ఇంట్లో లేనే లేదు. అది ఉండే చోటు ఇది."

నోటుపుస్తకం తెరిచి తిప్పింది. దామోదరసామి కళ్ళద్దాలు సవరించుకుని చదివాడు, వేలితో కూడాడు, ఆకుపచ్చ 'సరి' దగ్గర ఆగాడు. వసంతకుమార్ జేబులోని పెన్నును చూశాడు.

"ఈ తప్పు ఎవురిది?" అన్నాడు.

"నాది అయ్యా. ఒక గడపను రెండుతూర్లు లెక్కపెట్టినాను. 2014లో నేను చేసిన తప్పు 1968 చీటీలోకి ఎట్లా పోయిందో, ఆ పేజీని ఫైలులో పెట్టుకున్న సార్‌ని అడగండి."

వసంతకుమార్ ముఖంలో రంగు మారింది కానీ గొంతు మారలేదు. "బాగుంది. బ్యాంకుకి తప్పు కొలత ఇచ్చినానని నీ నోటితోనే ఒప్పుకుంటివి. రేపు పొద్దున నేను ఒక జాబు రాస్తే నీకు ఈ జిల్లాలో పని చెప్పేవాడు ఉండడు రంజనీ. ఆలోచించుకో. ఆ పుస్తకం మూసేయ్."

"మీరు శ్రమ పడొద్దు సార్. ఆ జాబు నేనే రాసినాను, మూడింటికి పోయినాది. ఇదిగో కాపీ." కాగితం ఆయన ముందుకు తోసింది. "నా తప్పు నేను మోస్తాను. దాని మీద మీరు ఇల్లు కట్టుకుంటే ఊరుకోను."

రమేష్‌బాబు లేచి నిలబడ్డాడు. "అన్నా, ఏంది ఇది? తాత పెట్టెలో ఉండాదని నువ్వే కదా తీసి చూపిస్తివి! నేను తీయలేదే!"

"కూచో," అన్నాడు వసంతకుమార్.

సుధాలక్ష్మి లేచి కొత్త పెన్ను చేతికి తీసుకుంది. మూత తీసింది, మళ్ళీ పెట్టింది. దాన్ని వసంతకుమార్ జేబులో, ఆకుపచ్చ పెన్ను పక్కన తనే గుచ్చింది. "ఇంకోటి ఉంచుకో. ముందర ముందర నీకే చానా సంతకాలు పడతాయి."

ఎవడైనా ఆ దెబ్బకు తల వంచుకోవాలి. వసంతకుమార్ వంచుకోలేదు, గడియారం చూశాడు. నాలుగూ ఇరవై. శివరంజనికి ఇప్పుడు గుర్తొచ్చింది, ఆయన గడియారం చూడడం ఇది మూడోసారి. పొద్దున తీసిన ఫోటో గుర్తొచ్చింది. చిన్న బండి పోయేంత శుభ్రంగా ఉన్న సందు గుర్తొచ్చింది.

"కొలవాలంటే గోడంటూ ఉండాల కదమ్మా," అన్నాడాయన మెల్లగా.

సుధాలక్ష్మి ఫోను మోగింది. పేచ్చియమ్మాళ్. స్పీకరులో ముందు ఇంజను రొద వినిపించింది, తర్వాత ముసలామె గొంతు.

"తాయీ, సందులోకి చిన్న జేసీబీ వచ్చి నిలిచినాది. మున్సిపాలిటీ కాలవ పని అంటాడు. కాగితం చూపీరా అంటే చూపడు. కొట్టు గోడ మీదికే తొండం ఎత్తినాడు."

"గోడ కొట్టమని నేను చెప్పలేదు వదినా! సత్యంగా చెప్పలేదు!" అని అరిచాడు రమేష్‌బాబు. దామోదరసామి అప్పటికే తన ఫోనులో పోలీసు స్టేషను నంబరు వెతుకుతున్నాడు. శివరంజని కోల అందుకుని తలుపు దగ్గరికి చేరింది. కోవిల్‌పట్టి గంట దూరం. జేసీబీకి రెండు నిమిషాలు చాలు.

"అవ్వా, దూరం జరుగు!" సుధాలక్ష్మి ఫోనును నోటి దగ్గరికి తెచ్చుకుంది. "గోడ పోతే పోనీ, మీరందరూ ఇవతలికి రండి!"

"ఏంటికి జరిగేది? ఆరుమందిమి గోడకి వీపు ఆనిచ్చి కూచోని ఉండాము. ఆ పాప సుద్దతో ఇరవై నాలుగు అని రాసినాదే, దాని కిందనే నేను ఉండాను. కొట్టేవాడు ముందు నన్ను కొట్టనీ." ఇంజను ఒక్కసారి గర్జించి తగ్గింది. ముసలామె దగ్గింది. "పాకం దించేసినాము, పొయ్యి ఆర్పేసినాము తాయీ. ఇంక మాకు తొందరేమీ లేదు. మీరు నిదానంగా రండి."